హ్యూమన్ సర్వీసెస్ డిగ్రీ: పెట్టిన డబ్బు తిరిగొస్తుందా?

స్రవంతి_కె:
అమెరికాలో ఉంటున్నాం, గ్రీన్ కార్డుంది. కమ్యూనిటీ కాలేజీలో 60 క్రెడిట్లు పూర్తయ్యాయి. ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి ఆన్‌లైన్ ప్రైవేటు కాలేజీలో హ్యూమన్ సర్వీసెస్ బ్యాచిలర్స్. క్రెడిట్‌కి 520 డాలర్లు, పాత 60 క్రెడిట్లూ తీసుకుంటామంటున్నారు. రెండోది స్టేట్ యూనివర్సిటీలో బీఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో బ్యాచిలర్స్). క్రెడిట్‌కి 380, కానీ పాతవాటిలో 48 మాత్రమే లెక్కలోకొస్తాయట. ఎటు వెళ్లినా 25 వేల దాకా ఫెడరల్ లోన్ తప్పదు. "ఈ ఫీల్డులో ఏడాదికి 45 వేల జీతం" అని కాలేజీవాళ్లు చెప్తున్నారు. ఏది మేలంటారు?

లెక్కల_మాస్టారు:
ముందు ఆ 45 వేల సంగతి చూద్దాం. సోషల్ అండ్ హ్యూమన్ సర్వీస్ అసిస్టెంట్లకు బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్ ఇచ్చిన 2024 మీడియన్ (సగం మందికి ఇంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే జీతం) ఏడాదికి 45,120 డాలర్లు. అంకె నిజమే. అయితే ఆ ఉద్యోగంలో చేరడానికి మామూలుగా కావలసిన చదువు హైస్కూల్ డిప్లొమా అని కూడా ఆ పేజీలోనే ఉంటుంది. కాబట్టి మొత్తం జీతాన్ని డిగ్రీ ఖాతాలో వేయకండి. ఇప్పుడున్న చదువుతో ఎంతొస్తుంది, డిగ్రీ చేతికొచ్చాక ఎంతొస్తుంది, ఆ తేడానే డిగ్రీ సంపాదన. బ్రోచర్లు ఈ తీసివేత చెయ్యవు. కొన్నైతే మేనేజర్ల మీడియన్ 78,240 చూపిస్తాయి. అది ఏళ్ల అనుభవం మీద వచ్చే జీతం, పట్టా పుచ్చుకున్న ఏడాది వచ్చేది కాదు.

ఇక ఫీజు. డిగ్రీకి మొత్తం 120 క్రెడిట్లు కావాలి. ప్రైవేటులో 60 × 520 = 31,200. స్టేట్‌లో 72 × 380 = 27,360. స్టేట్‌లో 3,840 తక్కువ, కానీ 12 క్రెడిట్లు ఎక్కువ. అంటే దాదాపు ఒక సెమిస్టర్. ఆ నాలుగు నెలల్లో పోయే జీతం కలిపితే బీఎస్‌డబ్ల్యూకే ఎక్కువ పడుతుంది. ఆ 12 క్రెడిట్లు ఎందుకు కొట్టేశారో సిలబస్‌లు పట్టుకెళ్లి డిపార్ట్‌మెంట్‌లో అడగండి, ఒకటి రెండు కోర్సులైనా తిరిగి రావచ్చు.

ఫీల్డ్_సూపర్‌వైజర్:
మాస్టారి లెక్క బ్యాచిలర్స్‌తో ఆగిపోయేవాళ్లకు సరిపోతుంది. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో మాస్టర్స్) ఆలోచన ఉంటే అది తిరగబడుతుంది. మామూలుగా ఎంఎస్‌డబ్ల్యూ సుమారు 60 క్రెడిట్లు, రెండేళ్లు, కనీసం 900 గంటల ఫీల్డ్ వర్క్ (ఏజెన్సీలో చేసే ప్రాక్టికల్ శిక్షణ). కౌన్సిల్ ఆన్ సోషల్ వర్క్ ఎడ్యుకేషన్ గుర్తింపున్న బీఎస్‌డబ్ల్యూ మంచి మార్కులతో చేసినవాళ్లకు చాలా యూనివర్సిటీలు 'అడ్వాన్స్‌డ్ స్టాండింగ్' ఇస్తాయి, అంటే బీఎస్‌డబ్ల్యూలో చదివేసినవి మళ్లీ చదవక్కర్లేదు. అప్పుడు ఏడాదిలో అయిపోతుంది. 24 క్రెడిట్లు తగ్గాయనుకుని, క్రెడిట్‌కి 600 వేసుకున్నా 14,400 మిగులు, పైగా ఏడాది జీతం. కోర్సుల పేర్లు ఎంత కలిసినా హ్యూమన్ సర్వీసెస్ డిగ్రీకి ఈ సౌకర్యం లేదు. బీఎస్‌డబ్ల్యూ చేసి ఐదారేళ్లు దాటితే చాలా చోట్ల అదీ పోతుంది. ఎల్‌సీఎస్‌డబ్ల్యూ (క్లినికల్ సోషల్ వర్కర్) లైసెన్సుకైతే ఎంఎస్‌డబ్ల్యూ ఉండి తీరాలి.

బీఎస్‌డబ్ల్యూలో ఇబ్బంది 400 గంటల ఫీల్డ్ వర్క్. చాలావరకు పైసా ఇవ్వరు, అదీ పనిదినాల్లో పగటిపూట. వారానికి 16 గంటలైతే 25 వారాలు. ఫింగర్‌ప్రింట్లు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, టీబీ టెస్టు, పెట్రోలు కూడా ఖర్చులో రాసుకోండి.

ఎంఎస్‌డబ్ల్యూ వద్దనుకుంటే మీ కౌంటీలో కేస్ మేనేజర్ ప్రకటనలు ఓ ఇరవై తెరిచి చూడండి. "సోషల్ వర్క్, హ్యూమన్ సర్వీసెస్ లేదా సంబంధిత డిగ్రీ" అని ఎన్నింటిలో ఉందో లెక్కపెట్టండి. ఎక్కువవాటిలో అలాగే ఉంటే ప్రైవేటు డిగ్రీతో నష్టమేమీ లేదు.

లోన్_డెస్క్:
25 వేలు, 6.39 శాతం (2025–26 అండర్‌గ్రాడ్ రేటు), పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 282 డాలర్లు.

"పబ్లిక్ సర్వీస్ కదా, లోన్ మాఫీ అవుతుంది" అనేవాళ్ల మాట నమ్మి అప్పు పెంచుకోవద్దు. దానికి ప్రభుత్వ సంస్థలోనో 501(సీ)(3) సంస్థలోనో (పన్ను మినహాయింపున్న, లాభాపేక్ష లేని సంస్థ) ఫుల్‌టైమ్ చేస్తూ 120 వాయిదాలు కట్టాలి. లాభాపేక్షతో నడిచే ఏజెన్సీ అయితే పని ఒకటే అయినా లెక్కలోకి రాదు. డబ్ల్యూ-2లో (యజమాని ఏటా ఇచ్చే జీతం, పన్ను పత్రం) బాక్స్ బి దగ్గర ఉండే నంబరును స్టూడెంట్ ఎయిడ్ సైటులో కొడితే మీ సంస్థ పనికొస్తుందో లేదో తేలిపోతుంది.

2026 జులై 1 నుంచి తీసుకునే లోన్లకు ఆదాయాన్ని బట్టి కట్టే పథకం ఆర్‌ఏపీ (రీపేమెంట్ అసిస్టెన్స్ ప్లాన్) ఒక్కటే. 45 వేల ఆదాయానికి 4 శాతం, నెలకు 150. జీతం 61 వేలైతే 6 శాతం, నెలకు 305. అంత కడుతూ పోతే పదేళ్లలో లోనే తీరిపోతుంది, ఇక మాఫీ కావడానికి ఏం మిగులుతుంది? ఇంకోటి, భర్తతో కలిపి జాయింట్‌గా ట్యాక్స్ ఫైల్ చేస్తే ఇద్దరి ఆదాయమూ చూస్తారు. విడిగా ఫైల్ చేస్తే మీది మాత్రమే, కానీ ట్యాక్స్ పెరగొచ్చు. రెండు రకాలుగానూ వేసి చూడండి.

స్రవంతి_కె:
ఎంఎస్‌డబ్ల్యూ చెయ్యాలనే ఉంది. ఆ 400 గంటలు ఇప్పుడు పనిచేసే చోటే చెయ్యనిస్తారా?

ఫీల్డ్_సూపర్‌వైజర్:
కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి. చేసే పని కోర్సు నేర్పాల్సిన అంశాలకు సరిపోవాలి, పర్యవేక్షించడానికి సోషల్ వర్క్ డిగ్రీ ఉన్నవాళ్లు దొరకాలి. అడ్మిషన్ ఖాయం చేసుకునేముందే ఫీల్డ్ ఆఫీసుకు మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.