ఎల్ఈడీ ట్యూబ్ బేస్ సరిపోతే చాలా, వైరింగ్ కూడా మార్చాలా?

అందరికీ నమస్కారం. పాత ఫ్లోరసెంట్ ట్యూబులు తీసేసి, అదే ఫిట్టింగ్‌లో ఎల్ఈడీ ట్యూబులు వేద్దామనుకుంటున్నాను. ట్యూబు చివర రెండు పిన్నులున్నాయి. స్కేలు పెట్టి కొలిస్తే వాటి మధ్య దూరం సుమారు 13 మిల్లీమీటర్లు, అంటే జీ13 బేస్ (ట్యూబు చివరి పిన్నుల అమరిక). సన్నగా ఉండే టీ5 ట్యూబులకైతే జీ5, దూరం 5 మిల్లీమీటర్లే. ఇంతవరకు తేలికే.

టెన్షన్ అంతా వైరింగ్ దగ్గరే. జీ13లోనే కొన్ని పాత చోక్‌తోనే వెలుగుతాయి, కొన్నింటికి చోక్ తీసేసి నేరుగా మెయిన్స్ ఇవ్వాలి. వీటిలో మళ్ళీ రెండు రకాలు: ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే చివర ఇచ్చేవి, చెరో చివర ఇచ్చేవి. బయటికి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి!

నా హోల్డర్‌లో రెండు కాంటాక్టులూ లోపల కలిసి ఉంటే, ఒకే చివర ఇచ్చే రకం పెడితే షార్ట్ అవుతుంది కదా? మెయిన్ ఆపి, వైర్లు విప్పి, మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (రెండు కాంటాక్టుల మధ్య కనెక్షన్ ఉందో లేదో) చూస్తే తెలిసిపోతుందా? ఇంకొకటి, చెరో చివర ఇచ్చే రకంలో ఒక వైపు బిగించాక రెండో వైపు పిన్నులు తగిలితే షాక్ కొట్టే ప్రమాదం ఉందా? ఇంట్లో పిల్లలున్నారు, అందుకే గట్టిగా అడుగుతున్నాను. ఈ పని చేసినవాళ్ళు ఏ రకం మంచిదో దయచేసి చెప్పండి.