చిన్నపేగులో లింఫాయిడ్ కణజాలం పెరిగితే ఏ చికిత్స, ఎలాంటి పర్యవేక్షణ?

ప్రశ్న:
నమస్కారం. మా తమ్ముడికి నెలల తరబడి నీళ్ల విరేచనాలు తగ్గకపోవడంతో ఎండోస్కోపీ చేయగా, చిన్నపేగు మొదటి భాగంలో సన్నని బుడిపెలు చాలా కనిపించాయి. బయాప్సీ రిపోర్టులో నాడ్యులర్ లింఫాయిడ్ హైపర్‌ప్లేసియా (పేగు గోడలోని రోగనిరోధక కణజాలం బుడిపెలుగా పెరగడం) అని, క్యాన్సర్ లక్షణాలు లేవని రాశారు. వీటిని తీసేయించాలా, మందులతో తగ్గుతాయా? మళ్లీ పరీక్షలు ఎప్పుడు అవసరం? ఇంట్లో అందరం ఆందోళనగా ఉన్నాం.

మొదటి సమాధానం:
నేను జీర్ణకోశ వైద్యుడిని. రక్తస్రావమో పేగు అడ్డుపడటమో జరిగితే తప్ప ఈ బుడిపెలను తొలగించరు. చికిత్స వాటికి కాదు, వాటి వెనకున్న కారణానికి. పిల్లల్లో ఇవి చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి కానీ, పెద్దవారిలో కనిపిస్తే రోగనిరోధక లోపం ఉందేమో తప్పక చూడాలి. అందుకే రక్తంలో ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే యాంటీబాడీల (ఇమ్యునోగ్లోబులిన్ల) స్థాయిలు పరీక్ష చేయించండి. విరేచనాలున్నాయి కాబట్టి జియార్డియా పరీక్ష కూడా ముఖ్యం. ఆ పరాన్నజీవి మలంలో రోజూ కనిపించదు కనుక ఒక్క నమూనాలో లేదన్నంత మాత్రాన వదిలేయకూడదు. అది ఉంటే మెట్రోనిడజోల్ లేదా టినిడజోల్ వంటి మందులు ఇస్తారు. జీర్ణాశయంలో హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా ఉంటే దానికీ చికిత్స చేయాలి. విరేచనాలకు సీలియాక్ వ్యాధి (గోధుమల్లోని గ్లూటెన్ పడకపోవడం వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు) కూడా కారణం కావచ్చు. దానికి మామూలుగా చేసే రక్తపరీక్ష ఐజీఏ మీద ఆధారపడుతుంది. ఐజీఏ బాగా తక్కువగా ఉన్నవారిలో వ్యాధి ఉన్నా లేనట్టే ఫలితం రావచ్చు. ఈ విషయం చాలాసార్లు మరుగున పడిపోతుంది, దయచేసి మీ డాక్టరు గారిని అడగండి.

రెండవ సమాధానం:
నాకు ఇదే సమస్య, యాంటీబాడీల లోపంతో పాటు ఉంది. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించుకోవడం మొదలుపెట్టాక ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు బాగా తగ్గాయి గానీ, పేగులోని బుడిపెలు అలాగే ఉన్నాయి. అవి పోలేదంటే చికిత్స విఫలమైనట్టు కాదని మా డాక్టరు గారు ఓపికగా వివరించారు. మీ తమ్ముడికీ ఆ మాట ముందే చెప్పండి.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
అది నిజం. పర్యవేక్షణకు అందరికీ వర్తించే ఒకే గడువు లేదు. లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) ముప్పు తక్కువే అయినా ఉంది కాబట్టి, ముఖ్యంగా రోగనిరోధక లోపం ఉన్నవారికి, వైద్యులు వ్యక్తిని బట్టి ఎండోస్కోపీ గానీ క్యాప్సూల్ ఎండోస్కోపీ (మింగే చిన్న కెమెరాతో పేగును చూడటం) గానీ మళ్లీ చేయిస్తారు. బరువు తగ్గడం, వదలని జ్వరం, రాత్రిళ్లు చెమటలు, నల్లటి మలం, కడుపునొప్పితో వాంతులు కనిపిస్తే మాత్రం తదుపరి తేదీ దాకా ఆగవద్దు. ఏదైనా బుడిపె మిగతావాటికన్నా పెద్దదైనా, పుండు పడినా, అక్కడి నుంచే మళ్లీ బయాప్సీ తీసి ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (కణాల రకాన్ని గుర్తించే ప్రత్యేక రంగుల పరీక్ష) చేయించాలి. పాత బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (మైనంలో భద్రపరచిన కణజాలపు ముక్కలు) ల్యాబులో అడిగి భద్రపరచుకోండి. అప్పుడు పోల్చి చూడటానికి పాథాలజిస్టుకు అవే ఆధారం.