బ్యాడ్మింటన్ డబుల్స్‌కి 4000 రూపాయల లోపు రాకెట్ ఏది మంచిది?

ఆడేది డబుల్సే, స్థాయి ఇంటర్మీడియట్. ఇప్పుడున్నది 3యూ (4యూ కన్నా బరువైన రకం), హెడ్ హెవీ (బరువు తల వైపు ఎక్కువ). వెనక నుంచి స్మాష్‌కి బలం బాగానే వస్తుంది. డిఫెన్స్‌లోనే చిక్కు: ఒంటి మీదికొచ్చే స్మాష్‌కి రాకెట్ తిప్పేలోపే షటిల్ దాటిపోతోంది. నెట్ దగ్గర డ్రైవ్‌లూ అంతే.

అందుకే 4యూ (80-84.9 గ్రాములు), ఈవెన్ బ్యాలెన్స్ లేదా కాస్త హెడ్ లైట్, మీడియం ఫ్లెక్స్ (ఓ మోస్తరుగా వంగే) షాఫ్ట్, జీ5 గ్రిప్ (పిడి సైజు) చూస్తున్నాను. ఫ్రేమ్, షాఫ్ట్ రెండూ గ్రాఫైటే కావాలి. కంపెనీ వేసిచ్చే గట్ (రాకెట్ తీగ) వదులుగా ఉంటుంది కాబట్టి బీజీ65 అనే గట్‌ని 24 పౌండ్ల బిగువుకి వేయించే ఖర్చూ ఇందులోనే. ఫ్రేమ్ 27 పౌండ్ల దాకా తట్టుకుంటే చాలు.

యోనెక్స్ నానోఫ్లేర్‌లో ఈ ధరకి వచ్చేవి సరిపోతాయా, లేక లీ-నింగ్ మేలా? హెడ్ లైట్‌కి మారితే స్మాష్ ఎంత తగ్గుతుంది? రెండు రకాలూ ఆడినవాళ్లు మోడల్ పేరుతో సహా చెప్పండి, ప్లీజ్.