ఖర్చు పెట్టలేనివాళ్లు క్రమం తప్పకుండా చేయగలిగే సాయం ఏది?

నా జీతం ఇంటి ఖర్చులకే సరిపోతుంది. అయినా ఎవరికైనా పనికొచ్చే పని ఒకటి వదలకుండా చేయాలని గట్టిగా ఉంది. ఆదివారం ఉదయం 4 గంటలు, మిగతా రోజుల్లో రాత్రి 8 తర్వాత ఒక గంట ఖాళీ ఉంటుంది.

మొదట ఒక సంస్థకు నెలనెలా కొంత పంపాను. నెలాఖరుకు అప్పు చేయాల్సి రావడంతో ఆపేశాను. రక్తం ఇస్తున్నాను, కానీ ఒకసారి ఇచ్చాక మళ్లీ కనీసం మూడు నెలలు ఆగాలి. ప్లేట్‌లెట్లు వారానికి మించి నిల్వ ఉండవు కాబట్టి వాటి దాతలు ఎప్పుడూ కావాలి. నా కౌంట్ తక్కువని తీసుకోలేదు.

అన్నిటికంటే మనసుకు పట్టింది చూపులేని ఒక విద్యార్థినికి పరీక్ష రాసిపెట్టడం. ఒక్కో వాక్యం చెప్పి, ఆగి, "రాశారా?" అని అడిగేది. తిరిగి చదివి వినిపిస్తే కామా ఎక్కడ పెట్టాలో చెప్పేది. నాకు పైసా ఖర్చు కాలేదు. రాసేవాళ్లు లేకపోతే మాత్రం ఆమె ఏడాది చదువూ కాగితం మీదికి రాదు. డబ్బున్నవాళ్లే సాయం చేయగలరంటే అందుకే ఒప్పుకోబుద్ధి కాదు. కానీ పరీక్షలు పనిరోజుల్లో, పగటిపూట. సెలవు దొరకడం లేదు.

పాఠాలు చదివి ఆడియో రికార్డ్ చేద్దామంటే రోడ్డు మోత పడుతోంది. కిటికీలు మూసినా, దుప్పటి కప్పుకుని చదివినా తగ్గలేదు.

పైన చెప్పిన సమయాల్లోనే, సొంత డబ్బు పెట్టకుండా, ఏడాది పొడవునా మీరు స్వయంగా చేస్తున్న సాయం ఏదైనా ఉంటే ఎలా మొదలుపెట్టారో చెప్తారా?