ప్యాడిల్ బోర్డు చేతికొచ్చింది, నల్లగొండ చుట్టుపక్కల ఏ నీళ్ళలో మొదలుపెట్టాలి?

పానగల్‌రోడ్డు, నల్లగొండ

అందరికీ నమస్తే. మా బావ సంక్రాంతికి అమెరికా నుంచి వస్తూ ఒక స్టాండప్ ప్యాడిల్ బోర్డు తెచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు నాకే ఇచ్చేసి వెళ్ళాడు. నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే బోర్డు అన్నమాట. గాలి కొట్టే రకం, గాలి తీసి చుడితే ఒక పెద్ద బ్యాగులో పట్టేస్తుంది. పదిన్నర అడుగుల పొడవు, 32 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం. పంపు, మూడు ముక్కల తెడ్డు, కాలికి కట్టుకునే తాడు అన్నీ ఉన్నాయి, నేర్పే మనిషే లేడు.

ఈత వచ్చు. చిన్నప్పుడు నడుముకు డబ్బా కట్టుకొని బావిలో నేర్చుకున్న ఈత. పోయిన ఆదివారం మధ్యాహ్నం మా ఊరి చెరువులో మొదటిసారి దించాను. పంపు కొట్టీ కొట్టీ చేతులు పడిపోయి పంపు మీద గాలి మీటరు 8 చూపించగానే ఆపేశాను. నిలబడితే బోర్డు నడుమ కిందికి వంగినట్టు అనిపించింది, కాళ్ళు వణికాయి, పది నిమిషాల్లో ఐదారుసార్లు నీళ్ళలో పడ్డాను. ఆ తర్వాత గాలి మొదలై నన్ను కట్ట నుంచి దూరంగా, శిఖం (చెరువు లోపలి భూమి) వైపు తుమ్మచెట్లలోకి నెట్టేసింది. ఎంత తెడ్డు వేసినా బోర్డు ముక్కు తిరగలేదు. చివరికి దిగి, నడుము లోతు బురద నీళ్ళలో బోర్డును లాక్కుంటూ వచ్చాను. కట్ట మీద మా ఆవిడ, బాబు చూస్తూనే ఉన్నారు, ఆవిడకు అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

కానీ మధ్యలో ఒక్క అర నిమిషం సరిగ్గా నిలబడ్డాను. మాది ఫ్లోరైడ్ నీళ్ళకు ఎముకలు వంగిపోయిన మనుషుల మధ్య పెరిగిన ఊరు. చిన్నప్పుడు ఆ చెరువులో క్రికెట్ ఆడుకున్నాం, అంత ఎండిపోయి ఉండేది. ఇప్పుడు అదే చెరువు నిండి, దాని నడుమ నిలబడి మా గుట్టను చూస్తే కలిగిన సంతోషం ఇంకా మనసులోనే ఉంది. అందుకే వదిలేయాలని లేదు.

ఉదయసముద్రం, డిండి, సాగర్, సోమశిల, వీటిలో ఎక్కడికి వెళ్ళొచ్చు? నేను అన్నిసార్లు ఎందుకు పడ్డాను? మొసళ్ళ సంగతి ఏంటి? బాబుకు 12 ఏళ్ళు, వాణ్ణి ఎక్కించుకోవచ్చా?

సోమశిలగట్టు, కొల్లాపూర్

అన్నా, నేను సోమశిల పక్కనే పుట్టినవాణ్ణి కాబట్టి ముందే చెప్తున్నా, సోమశిలను చివరికి ఉంచండి. చూడటానికి ఇంతకన్నా అందమైన నీళ్ళు మన దగ్గర లేవు, ఒక పక్క లలితా సోమేశ్వరుడి గుడి, ఎదురుగా నల్లమల, అవతలి ఒడ్డున సంగమేశ్వరం. కానీ అది చెరువు కాదు, శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన కృష్ణ. ప్రాజెక్టు పూర్తిమట్టం 885 అడుగులు. ఆగస్టు, సెప్టెంబర్‌లో నిండితే సముద్రంలా ఉంటుంది, తర్వాత కరెంటుకూ కాలువలకూ నీళ్ళు వదిలేకొద్దీ దిగిపోతూ ఉంటుంది. వానాకాలంలో మునిగిన సంగమేశ్వరం గుడి ఎండాకాలానికి మళ్ళీ బయటపడుతుంది, దాన్ని బట్టి ఆలోచించండి నీటిమట్టం ఎంత మారుతుందో. పోయిన నెల మీరు బోర్డు దించిన చోటు ఈ నెల ఒండ్రుమట్టి కావచ్చు. మీ చెరువు బురద దాని ముందు ఏమీ కాదు, కాలు పెడితే తొడదాకా దిగుతుంది.

నేను పుట్టిలో పెరిగాను, బోర్డు మాత్రం రెండేళ్ళ కిందట స్నేహితుడిది తీసుకొని ఎక్కాను. పుట్టి గుండ్రంగా ఉంటుంది, గాలి కొడితే తిరుగుతుంది కానీ మనం లోపల కింద కూర్చుంటాం కాబట్టి గాలికి మన ఒళ్ళు అంతగా అందదు. బోర్డు మీద నిలబడితే మనిషే తెరచాప. నవంబర్‌లో ఒకరోజు తొమ్మిది గంటలకు బయల్దేరి బాగానే పోయాను. పదకొండు దాటాక గాలి లేచింది, నేను గాలి వెంట ఉన్నంతసేపూ నా బలమే అనుకున్నాను, వెనక్కి తిరిగాక తెలిసింది అది గాలి బలం అని. మోకాళ్ళ మీద కూర్చొని, ఆ తర్వాత బోర్లా పడుకొని చేతులతో నీళ్ళు తోసుకుంటూ గంటన్నర కష్టపడ్డాను. అంతలో కాలి తాడు చేపల వలకు చుట్టుకుంది. వల వేసిన తాతే పుట్టిలో వచ్చి విడదీసి, నన్ను గట్టుకు చేర్చాడు. ఒక్క మాట కూడా కోప్పడలేదు, వల రెండుచోట్ల తెగినా.

అప్పటి నుంచి నేను పాటించేది ఒకటే: ముందు గాలికి ఎదురు పోవాలి. అలసిపోయాక గాలే మనల్ని ఇంటికి తేవాలి. పొద్దున ఆరింటికి దిగి తొమ్మిదిన్నరకల్లా గట్టెక్కాలి. ఫోన్‌లో గాలి వేగం గంటకు 15 కిలోమీటర్లు దాటి చూపిస్తే కొత్తవాళ్ళు దిగకపోవడమే మంచిది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం ఎప్పుడు లేస్తుందో మీకు తెలియనిది కాదు.

ఇంకోటి, మా నది అడుగున మునిగిన ఊళ్ళున్నాయి, ఎండిన చెట్ల మోళ్ళున్నాయి, పైన వలలున్నాయి. కాలికి కట్టుకునే తాడు నిలకడ నీళ్ళకు మంచిదే. నీళ్ళు కదిలే చోట, మోళ్ళూ వలలూ ఉన్న చోట తాడు నడుము బెల్టుకు ఉండాలి, ఒక్క లాగుతో ఊడిపోయే రకం. చీలమండకు చుట్టుకున్న తాడును పారే నీళ్ళలో వంగి విప్పడం కాదు, అందుకోవడమే కష్టం.

2007 జనవరిలో మా దగ్గర్లోనే మంచాలకట్ట వద్ద పడవ మునిగి 61 మంది పోయారు. మా ఇళ్ళలో ఇప్పటికీ ఎవరైనా నది మీదికి పోతామంటే అమ్మలు ముందు ఆ రోజే తలుచుకుంటారు. వదినకు టెన్షన్ ఉండటంలో తప్పు లేదన్నా. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, బోర్డు మీద తాళ్ళ కింద దోపి పెట్టడం కాదు.

పాలమూరుఅక్క, మహబూబ్‌నగర్

తమ్ముడూ, పడటం గురించి నేను చెప్తాను. నేను మొదట వికారాబాద్ దగ్గర కోట్‌పల్లిలో కయాక్ నేర్చుకున్నాను, తర్వాత విశాఖ రుషికొండలో ఈ బోర్డు ఎక్కాను. 43 ఏళ్ళ వయసులో నేర్చుకున్నాను కాబట్టి మీకు కచ్చితంగా వస్తుంది.

నువ్వు రాసిందాంట్లోనే జవాబుంది. 8 దగ్గర ఆపేశానన్నావు. ఈ బోర్డులకు సాధారణంగా 12 నుంచి 15 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండాలి, మీ బోర్డుకు ఎంతో గాలి కొట్టే రంధ్రం దగ్గరే రాసి ఉంటుంది. తక్కువ ఉంటే నడుమ వంగుతుంది, వంగిన దాని మీద నిలబడటం నవారు మంచం మీద నిలబడటమే. చివరి మూడు నాలుగు పాయింట్లే కష్టం, చేతులతో కాకుండా మోకాళ్ళు వంచి ఒంటి బరువుతో కొట్టు, మనిషి మార్చుకుంటూ కొట్టండి. అలాగని పూర్తిగా గాలి నింపి ఎండలో ఒడ్డున వదిలేయకు, మన ఎండలకు లోపలి గాలి వేడెక్కి అతుకుల మీద ఒత్తిడి పడుతుంది. నీడ లేకపోతే కొంచెం గాలి తీసి ఉంచు.

తెడ్డు ఎంత పొడవు పెట్టుకున్నావు? మనిషి ఎత్తు కన్నా జానెడు, జానెడు పైచిలుకు ఎక్కువ ఉంటే చాలు. తెడ్డు ఆకుకు కొంచెం వంపు ఉంటుంది చూడు, చాలామంది ఆ దోసిలి వంటి వంపు తమవైపు ఉండేలా, నీళ్ళను తోడుతున్నట్టు పట్టుకుంటారు. అది తిరగేసి పట్టుకోవడం. ఆకు ముందుకు వంగి ఉండాలి. నీ ముక్కు తిరగకపోవడానికి గాలితోపాటు ఇదీ ఒక కారణం అనుకుంటా. కింద ఉండే రెక్క బిగించావా? అది లేకపోతే బోర్డు పక్కకు జారుతుంది.

ఎక్కేటప్పుడు నడుములోతు నీళ్ళలో, నడిమి పట్టీకి అటూ ఇటూ మోకాళ్ళు పెట్టి మొదట ఐదు నిమిషాలు అలాగే పో. తర్వాత ఒక్కో పాదం మోకాలి చోటికి తెచ్చుకొని లే. పాదాలు పక్కపక్కన భుజాల వెడల్పులో, మోకాళ్ళు కొంచెం వదులుగా. చూపు కాళ్ళ మీద కాదు, దూరంగా మీ గుట్ట మీద పెట్టు. తెడ్డు నీళ్ళలో ఉన్నంతసేపూ అది మూడో కాలు, భయంతో దాన్ని పైకెత్తి పట్టుకున్నప్పుడే పడతాం. పడక తప్పదు అనిపిస్తే బోర్డుకు దూరంగా, ఒళ్ళు పరిచి పడు, తల ముందుగా పోనివ్వకు. మన చెరువుల్లో లోతు ఎక్కడ ఎంతో, కింద రాయి ఎక్కడుందో కనపడదు.

బాబును మొదటి నాలుగైదుసార్లు ఎక్కించుకోకు. బోర్డు మోసే బరువు ఎంతో చూసి, మీ ఇద్దరి బరువూ దానికి బాగా లోపు ఉంటేనే ముందు భాగంలో కూర్చోబెట్టు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది మా కోయిల్‌సాగర్. రెండు గుట్టల నడుమ కట్టారు కాబట్టి పొద్దున్నే నీళ్ళు కదలవు. అక్కడ ప్రాజెక్టు సిబ్బందిని అడిగి, గేట్లకూ తూముకూ దూరంగా మాత్రమే.

కృష్ణఒడ్డు, గద్వాల

మొసళ్ళ గురించి. కృష్ణ మీది జూరాల ప్రాజెక్టులో ఉన్నాయి, వరదల తర్వాత పక్క వాగుల్లోకి, పొలాల్లోకి వచ్చినవాటిని పట్టుకొని నదిలో వదలడం మా దగ్గర మామూలే. భయపెట్టడానికి చెప్పడం లేదు, జాలర్లు రోజూ వాటి మధ్యనే బతుకుతున్నారు. కొత్త నీళ్ళలో దిగే ముందు వాళ్ళనే అడగండి, ఏ మడుగులో ఉన్నాయో వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. చీకటి పడే వేళ, రాత్రి దిగొద్దు. జూరాలలో నేనైతే బోర్డు దించను.

దేవరకొండవాసి, ప్రస్తుతం కాలిఫోర్నియా

మాది దేవరకొండ. ఏడేళ్ళుగా ఇక్కడ లేక్ టాహోలో తెడ్డు వేస్తున్నాను. సముద్రమట్టానికి 6,200 అడుగుల పైన ఉన్న సరస్సు, లోతు 1,645 అడుగులు, ఎమరాల్డ్ బే అనే చోట నీళ్ళు పచ్చలరాయి రంగులో ఉంటాయి, మధ్యలో చిన్న దీవి. ఆదివారాలు వందల బోర్డులు కనిపిస్తాయి. అంత అందమైన చోటే భయం కూడా, మే నెలలో నీళ్ళు పది పన్నెండు డిగ్రీలే, పడితే ఆ చలికి ఊపిరి ఒక్కసారిగా లోపలికి గుంజుకుపోతుంది, తల నీళ్ళలో ఉండగా అలా జరిగితే ఎంత ఈతగాడైనా అంతే. అందుకే ఇక్కడ 2008 నుంచి ఈ బోర్డును కూడా పడవ కిందే లెక్కగట్టి, లైఫ్ జాకెట్ వెంట ఉండాలని కోస్ట్ గార్డ్ నిబంధన పెట్టింది, 13 ఏళ్ళ లోపు పిల్లలు వేసుకొనే ఉండాలి. మన దగ్గర చలి లేదు, గాలీ బురదా ఉన్నాయి. ఇక్కడా మధ్యాహ్నం గాలి లేస్తుంది, అందరూ పొద్దున్నే వెళ్తారు, కొల్లాపూర్ తమ్ముడు చెప్పిందే.

నల్లగొండ అన్నా, ఉదయసముద్రం తాగునీళ్ళు ఇచ్చే చెరువు, అనుమతి లేకుండా దిగొద్దు. కట్ట మీద నడవండి, ఛాయా సోమేశ్వరాలయం చూడండి, బోర్డు మాత్రం వద్దు. సాగర్‌లో డ్యాం కింద వైపు అసలే వద్దు, కరెంటు తయారీ మొదలైతే నీళ్ళు చెప్పి రావు. మూసీ ప్రాజెక్టు కూడా మానుకోండి, హైదరాబాద్ మురుగంతా ఆ దారినే వస్తుంది, పడితే నోట్లోకి పోయేది అదే. మీకు డిండి నయం. శ్రీశైలం రోడ్డు పక్కనే, మత్తడి (అలుగు) పారని రోజుల్లో నిలకడగా ఉంటుంది. అక్కడా ముందు ప్రాజెక్టు వాళ్ళను అడిగి, ఒడ్డు వెంబడే తిరగండి. నేను చిన్నప్పుడు మా నాన్న స్కూటర్ మీద ఆ మత్తడి చూడటానికి వెళ్ళేవాళ్ళం. ఆ నీళ్ళ మీద బోర్డు ఎక్కాలని నాకు ఎప్పటి నుంచో ఉంది, మీరు వెళ్తే ఒక ఫోటో పెట్టండి.

పానగల్‌రోడ్డు, నల్లగొండ

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. అక్కా, మీరన్నది నిజమే, తెడ్డు తిరగేసి పట్టుకున్నాను, రెక్క కూడా సగమే బిగిసింది. నిన్న పొద్దున ఆరుంపావుకు మా చెరువులోనే దించాను. నేనూ మా బామ్మర్దీ మార్చుకుంటూ 14 దాకా గాలి కొట్టాం, బోర్డు చెక్కలా బిగిసింది. గాలికి ఎదురుగా తూము వైపు పోయి, అటు నుంచి తేలిగ్గా వచ్చేశాను. నలభై నిమిషాల్లో రెండుసార్లే పడ్డాను, రెండూ వెనక్కి తిరిగి బాబుకు చెయ్యి ఊపినప్పుడే. మత్తడి దగ్గర కొంగలు నన్ను చూసి కూడా లేవలేదు, అంత మెల్లగా పోయాను.

మా ఆవిడ జాకెట్ వేసుకొని పది నిమిషాలు మోకాళ్ళ మీద కూర్చొని తిరిగింది. దిగాక మళ్ళీ ఎప్పుడని అడిగింది.

దేవరకొండ అన్నా, వచ్చే నెల డిండి వెళ్ళి అడుగుతాం, ఫోటో తప్పకుండా పెడతాను. కొల్లాపూర్ తమ్ముడూ, సోమశిలకు నవంబర్‌లో వస్తాం. మీరూ, ఆ పుట్టి తాతా వెంట ఉంటేనే నీళ్ళలోకి. జాకెట్లు నాలుగు తెస్తున్నాను, ఒకటి ఆయనకు.