రెక్కలా, టైరా, వెనక దిగే పరికరమా? మోటోజీపీలో ఓవర్‌టేక్‌లు ఎందుకు కరువయ్యాయి

చివరిమలుపు (చర్చ ప్రారంభించినవారు):

2008లో లాగునా సెకా ట్రాక్‌లో రోసీ, స్టోనర్ అనే ఇద్దరు రైడర్ల పోరు చూసి ఈ మోటోజీపీ (బైకు రేసుల ప్రపంచ పోటీ) పిచ్చిలో పడినవాణ్ణి. ఆదివారం రేసు వస్తుంటే భోజనానికి పిలిచినా కదలని రకం. అలాంటి నాకు ఈ మధ్య రేసు నడుస్తుండగానే కునుకు పడుతోంది. రెండో ల్యాప్‌లో ఎవరు ఎక్కడుంటే చివరి ల్యాప్‌లోనూ దాదాపు అక్కడే.

నా ఫిర్యాదు బైకుల కంపెనీ డుకాటి మీద. 2015లో బైకుకు, గాలి ఒత్తిడితో దాన్ని నేలకు నొక్కే చిన్న రెక్కలు తగిలించి ఈ తంతు మొదలుపెట్టింది వాళ్లే. బయటికి పొడుచుకొచ్చే రెక్కలను 2017 నుంచి నిషేధిస్తే, ఫెయిరింగ్‌నే (బైకును కప్పే పై తొడుగు) మడతలు పెట్టి దానితో అదే పని చేయించారు. 2018 చివర్లో, స్టార్టింగ్‌లో ముందు చక్రం లేవకుండా బైకు వెనక భాగాన్ని కిందికి దించే ఏర్పాటు తెచ్చారు. 2020కల్లా దాన్ని ప్రతి మలుపు చివరా వాడేలా చేశారు. మిగతావాళ్లు కాపీ కొట్టక తప్పలేదు. చివరికి 2023లో 20 రేసులకు 17, 2024లో 20కి 19 డుకాటివే. ఆ మిగిలిన ఒక్కటీ ఆస్టిన్‌లో విన్యాలెస్ అప్రీలియా బైకు నడిపి గెలిచింది.

2027లో ఈ దిగే పరికరాలన్నీ పోతాయి, రెక్కలకూ కత్తెర పడుతుంది, ఇంజిన్ 850 సీసీకి తగ్గుతుంది. సంతోషమే. కానీ 2024 మేలో ప్రకటించిన మార్పుకు 2027 దాకా ఆగడం ఎందుకు? ఈలోగా చూసేవాళ్లం ఏమైపోవాలి?

ఆరోగేరు:

చివరిమలుపు గారూ, 2022 ఫిలిప్ ఐలాండ్ రేసు చూశారా? రిన్స్ గెలిచాడు, మార్కెజ్ రెండు, బన్యాయా మూడు. మొదటి ఏడుగురూ ఒక్క సెకను లోపలే గీత దాటారు. ఆ బైకులన్నిటికీ రెక్కలున్నాయి, వెనక దిగే పరికరాలూ ఉన్నాయి. 2024లో హెరెస్‌లో బన్యాయా, మార్కెజ్ ఒకరికొకరు తగులుతూ కొట్లాడుకున్నారు. అప్పుడూ ఉన్నాయి. మరి ఆ రోజుల్లో రెక్కలు సెలవు పెట్టాయా?

ఇంకొకటి. 2008 అనగానే మీకు లాగునా సెకా గుర్తొస్తోంది. ఆ ఏడాది మిగతా రేసుల్లో ఎన్ని గుర్తున్నాయి? 800 సీసీ రోజుల్లో ఒకరి వెనక ఒకరు ఊరేగింపులా వెళ్లిన రేసులు బోలెడు. అవన్నీ మనం మరిచిపోయాం.

చెన్నైట్రాక్‌డే:

అసలు దోషిని ఇద్దరూ వదిలేశారు. ముందు టైరు.

నేను ఏడాదికి రెండుసార్లు హైదరాబాద్ నుంచి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్తాను. మొదటిసారి వెళ్లినప్పుడు, రోడ్డు మీద నడిపే లెక్కలోనే గాలి కొట్టించుకుని దిగాను. నాలుగు ల్యాపులు కాగానే ముందు చక్రం మలుపులో జారుతున్నట్టు అనిపించింది. శిక్షకుడు వచ్చి, వేడికి టైరులో గాలి ఒత్తిడి పెరిగి, నేలను అంటుకునే భాగం తగ్గిపోయిందని చెప్పి గాలి తీయించాడు. అంతే, అది వేరే బైకు అయిపోయింది.

మోటోజీపీలో జరుగుతున్నదీ ఇదే, కాకపోతే పెద్ద ఎత్తున. రెక్కలు ముందు చక్రాన్ని నేలకు గట్టిగా నొక్కుతాయి. బ్రేకు వేసినప్పుడు ఆ భారమంతా ముందు టైరు మీదే. పైగా ముందు వెళ్లే బైకు వదిలే వేడి గాలిలో ఇరుక్కుంటే టైరు చల్లబడదు. ఒత్తిడి పెరుగుతుంది, బ్రేకు పట్టగానే చక్రం బిగుసుకుంటుంది. దాటాలంటే దగ్గరికి వెళ్లాలి, దగ్గరికి వెళ్తే టైరు పోతుంది.

పోనీ ముందే గాలి బాగా తగ్గించి బయలుదేరదామంటే కనీస ఒత్తిడి నిబంధన ఉంది. 2024 నుంచి ముందు టైరుకు అది 1.8 బార్, మన లెక్కలో 26 పీఎస్ఐ. రేసులో కనీసం 60 శాతం ల్యాపుల్లో అంత ఒత్తిడి ఉండకపోతే 16 సెకన్ల శిక్ష. 2025లో ఖతార్‌లో రెండో స్థానంలో వచ్చిన విన్యాలెస్ ఈ శిక్షతోనే కిందికి జారిపోయాడు. అదే ఏడాది బురిరామ్‌లో మార్కెజ్ ఏం చేశాడో గుర్తుందా? ముందు వెళ్తున్నవాడు కావాలని తగ్గి తమ్ముడు అలెక్స్‌ను ముందుకు పోనిచ్చాడు. అతని వెనక వేడి గాలిలో కాసేపు ఉండి, టైరు ఒత్తిడి లెక్క సరిపోయాక చివర్లో దాటి గెలిచాడు. గెలవడానికి వెనకబడాల్సిన రేసు ఇది! ఇందులో డుకాటి తప్పు ఎంత, టైరు తప్పు ఎంత? 2016 నుంచి మిషెలిన్ టైర్లే. 2027లో పిరెల్లీ వస్తోంది. నా ఆశ అంతా దాని మీదే. రెక్కల మీద అరవడం అత్త మీద కోపం దుత్త మీద చూపడమే.

రెక్కలగుర్రం:

పెద్దల మధ్య దూరుతున్నందుకు క్షమించాలి. నాకు కొత్త అపాచీ ఆర్ఆర్ 310 ఉంది, దానికీ రెక్కలున్నాయి. ఔటర్ రింగు రోడ్డు మీదికి మన బైకులను రానివ్వరు కాబట్టి, మెహిదీపట్నం సిగ్నల్ దగ్గర గంటకు పది కిలోమీటర్ల వేగంలో ఆ రెక్కలు నన్ను నేలకు నొక్కి పట్టుకుంటున్నాయి. నన్నూ ఎవరూ ఓవర్‌టేక్ చేయలేకపోతున్నారు.

పాతకార్బ్యురేటర్:

రెక్కలగుర్రం తమ్ముడూ, నువ్వు బాగుండాలి.

ట్రాక్‌డే గారి టైరు మాట నిజమే, కానీ సగమే. నా దృష్టిలో రెక్కల కన్నా ఆ దిగే పరికరమే ఎక్కువ చెడగొట్టింది. మలుపు చివర థ్రాటిల్ తిప్పితే ముందు చక్రం లేస్తుంది. ఎంత తిప్పాలి, ఎప్పుడు తిప్పాలి, వెనక చక్రాన్ని ఎంత జారనివ్వాలి అన్నది రైడర్ మణికట్టులో ఉండేది. ఒకడు బాగా చేస్తాడు, ఇంకొకడు ఒక వీసం తక్కువ చేస్తాడు. ఆ వీసమే తర్వాతి మలుపు దగ్గర ఓవర్‌టేక్ అయ్యేది. ఇప్పుడు మీట నొక్కితే బైకు వెనక భాగం కూర్చుంటుంది, బరువు కిందికి దిగుతుంది, చక్రం లేవదు. అందరూ దాదాపు ఒకేలా దూసుకుపోతారు. తిన్నని దారిలో వేగం పెరిగిపోయింది: 2023లో ముజెల్లోలో బైండర్ గంటకు 366.1 కిలోమీటర్లు అందుకున్నాడు. బ్రేకు వేసే దూరమేమో తగ్గింది. దాటడానికి జాగా ఉండేదే అక్కడ కదా.

ముందు ఫోర్కును (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీలు) రేసు మధ్యలో దించే ఏర్పాటును 2023 నుంచి ఆపించారు. వెనకదాన్ని మాత్రం ఉంచారు. సగం జబ్బుకే మందు వేసినట్టయింది.

ఆరోగేరు:

సరే అన్నా, పరికరం పోవాలి, అందులో నాకూ అభ్యంతరం లేదు. నా భయమల్లా 850 సీసీ గురించి. 2007లో 990ని 800కు తగ్గించినప్పుడూ భద్రత అనే అన్నారు. ఇంధనాన్నీ 21 లీటర్లకు కుదించారు. ఏమైంది? బైకులు మలుపుల్లో మరింత వేగంగా తిరిగాయి, ట్రాక్ మీద అందరికీ ఒకటే దారి, దాన్ని తప్పితే ఓటమే. ఆ ఏడాది 18 రేసుల్లో 10 స్టోనరే గెలిచాడు. ఇప్పుడు మళ్లీ 850, మళ్లీ ఇంధనం కోత, 22 నుంచి 20 లీటర్లకు. పెనం మీద నుంచి పొయ్యిలో పడమని నమ్మకం ఏమిటి?

పాతకార్బ్యురేటర్:

ఒక తేడా ఉంది. 2007లో పిస్టన్ వ్యాసానికి పరిమితి లేదు. ఇంజిన్ చిన్నదైతే ఏం, ఇంకా గట్టిగా తిప్పి శక్తి రాబట్టుకున్నారు. 2012లో 81 మిల్లీమీటర్ల హద్దు పెట్టారు, 2027లో అది 75కి తగ్గుతోంది. వ్యాసం తగ్గి, పిస్టన్ ప్రయాణం పెరిగితే ఇంజిన్‌ను అంతగా తిప్పలేరు. కాబట్టి అది అదే కథ కాదు. అలాగని మలుపుల్లో వేగం పెరగదని నేను రాసివ్వను.

2027 నిబంధనల్లో బైకు ముందువైపు ఫెయిరింగ్ వెడల్పు కోత 5 సెంటీమీటర్లే అన్నది నాకు నచ్చలేదు. డుకాటిలో జిజి డాలిన్యా లాంటి ఇంజినీర్లు ఆ 5 సెంటీమీటర్లను మొదటి పరీక్షల లోపే తిరిగి సంపాదించుకుంటారు.

చివరిమలుపు:

2023 సెప్టెంబరులో ఢిల్లీ రైలెక్కి బుద్ధ్ సర్క్యూట్‌కు వెళ్లాను. ఎండకు తట్టుకోలేరని రేసును 24 ల్యాపుల నుంచి 21కి తగ్గించిన రోజు. బెజెకీ ముందు ఒంటరిగా వెళ్లిపోయాడు, బన్యాయా పడిపోయాడు. నా పక్కన కూర్చున్న కుర్రవాడు మొదటిసారి చూస్తున్నాడు. "అన్నా, ఇంతేనా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. చివరి ల్యాప్‌లో మార్టిన్, క్వార్తరారో రెండో స్థానం కోసం ఒకరినొకరు దాటుకున్నప్పుడు అదే కుర్రవాడు కుర్చీ మీదికెక్కి అరిచాడు. నా కడుపుమంట అదీ. మూడో నాలుగో ఉండాల్సిన చోట అలాంటి ల్యాపు రేసుకు ఒకటే మిగిలింది.

టైరు విషయంలో ట్రాక్‌డే గారితో ఏకీభవిస్తున్నాను, డుకాటి ఒక్కదాని మీద వేసిన నిందను సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం అలాగే ఉంటుంది. ఆరోగేరు గారు ఫిలిప్ ఐలాండ్ ఉదాహరణ ఇచ్చారు. అక్కడ గట్టిగా బ్రేకు వేసే చోట్లు తక్కువ, అంతా వేగపు మలుపులే. అక్కడ రెక్కలూ పరికరాలూ ఆట చెడగొట్టలేదంటే ట్రాక్ మంచిదని అర్థం, బైకులు మంచివని కాదు.

ఆరోగేరు:

ఒప్పుకోను. హెరెస్‌లో గట్టిగా బ్రేకు వేసే మలుపులు లేవా?

రెక్కలగుర్రం:

మీరు హెరెస్ తేల్చుకునేలోపు ఒక సందేహం. వచ్చే నెల నేనూ ఇరుంగట్టుకోట్టై వెళ్తున్నాను. ముందు టైరులో గాలి ఎంత పెట్టుకోవాలి?

చెన్నైట్రాక్‌డే:

మీ టైరు కంపెనీవాళ్లు ట్రాక్ కోసం ఇచ్చే లెక్కతో మొదలుపెట్టండి. నాలుగైదు ల్యాపులు తిరిగి, లోపలికి రాగానే టైరు వేడి మీద ఉన్నప్పుడే గేజి పెట్టి చూడండి. మీ సొంత గేజి తీసుకెళ్లండి. అక్కడ అడిగి తీసుకున్న రెండు గేజిలు నాకు రెండు అంకెలు చూపించాయి.