అప్‌డేట్: చింతపల్లి వైపు రాజ్‌మా, మొక్కజొన్న నిల్వ

చింతపల్లి దగ్గర మా ఊళ్లో చిన్న రైతులు పురుగు భయంతో రాజ్‌మా, మొక్కజొన్న కోతల్లోనే సంతలో వచ్చిన ధరకు అమ్మేసుకుంటున్నారు, ఏం చేయొచ్చని అడిగాను కదా. గాలి చొరబడని సంచులు వాడమన్న మీ సలహా పనిచేసిందండీ! గింజ పంటి కింద టక్కుమనేదాకా ఎండబెట్టి, లోపలి కవరు మూతి మెలిపెట్టి గట్టిగా కట్టించాం. గాలి అందక పురుగు చచ్చిపోతుంది, మందు బిళ్లలతో పనే లేదు. మొన్న విప్పితే రాజ్‌మాలో ఒక్క పుచ్చు గింజ లేదు. మా పిన్ని విత్తనానికి కూడా అందులోంచే తీసుకుంటానంది. ఎలుక కన్నం పెట్టిన సంచికి మాత్రం పురుగు పట్టింది, అందుకే ఇప్పుడు అన్నీ అటక మీదే.

కత్తెర పురుగు సంగతే ఇంకా తేలలేదు. లేత మొక్కజొన్న సుడుల్లో చేరి ఆకులు జల్లెడ చేస్తోంది. వేప కషాయం సుడిలో పడేలా కొట్టి చూసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.